వెన్ను విరిగినవారికి నాన్న: డాక్టర్ లూడ్విగ్ గుట్‌మన్



ఈ శీర్షికలో మీరు ఎక్కువగా పునీతుల జీవితాలు చదువుతుంటారు. ఈ వారం నేను మీకు పరిచయం చేయబోయే వ్యక్తి పునీతుడు కారు, క్రైస్తవుడు కూడా కారు. ఆయన యూదుడు. వృత్తిరీత్యా నరాల వైద్యుడు. పేరు సర్ లూడ్విగ్ గుట్‌మన్. 1899లో జన్మించి 1980లో కన్నుమూశారు.

అయినా బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని ప్రాంతాల కుటుంబాలు ఆయన గురించి తెలుసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. నడుము విరిగి, కాళ్లు చచ్చుబడి మంచాన పడిన మనిషి మన ఇండ్లకు కొత్త కాదు. బాయిలో పైకప్పు కూలి కొందరు, తాటిచెట్టు మీద నుండి జారిపడి కొందరు గీత కార్మికులు, రాజీవ్ రహదారి మీద మోటారు సైకిలు ప్రమాదాలలో మరికొందరు యువకులు అలా పడిపోయినవారే. ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చిన తరువాత వారికి ఏం చేయాలో మనలో చాలామందికి తెలియదు. తెలియక, ఇక అంతా దేవుని చిత్తం అని చేతులు ముడుచుకుంటాం. గుట్‌మన్ ఆ మాట ఒప్పుకోలేదు. ఆయన కథ కూడా మన ఊళ్ల వంటి ఒక బొగ్గు ఊరిలోనే మొదలైంది.

బొగ్గు ఊరి యువకుడు

అప్పటి జర్మనీ దేశంలో ఎగువ సైలీషియా అనే ప్రాంతం ఉండేది. ఇప్పుడు అందులో ఎక్కువ భాగం పోలండ్ దేశంలో ఉంది. నేల కింద బొగ్గు, నేల మీద ఇనుప కొలుములు. 1899 జులై 3న అక్కడి టోస్ట్ అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో లూడ్విగ్ జన్మించారు. ఆయన పసితనంలోనే ఆ కుటుంబం కోనిగ్స్‌హ్యుట్టె అనే పట్టణానికి తరలివెళ్లింది. మన గోదావరిఖని వలె అది కూడా గనుల మీద బ్రతికిన ఊరే.

1917లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, లూడ్విగ్ ఆ ఊరిలోని ప్రమాద బాధితుల ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవకునిగా చేరారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. ఒకరోజు దృఢంగా ఉన్న ఒక యువ గని కార్మికుణ్ణి ఆ ఆసుపత్రికి తీసుకువచ్చారు. వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. వైద్యులు అతనికి పిండికట్టు వేసి, మంచం చుట్టూ తెరలు కట్టి, మిగతా రోగుల నుండి వేరుగా ఉంచారు. లూడ్విగ్ అతని వివరాలు రాసుకోబోతే, ఆ శ్రమ అనవసరమనీ, కొద్ది వారాలలో పోయే మనిషేననీ పెద్దలు చెప్పారు. వారు చెప్పినట్లే జరిగింది. వీపు మీద పుండ్లు పడ్డాయి, మూత్రంలో చీము చేరింది, ఒళ్లంతా విషం ఎక్కింది. అయిదు వారాలలో ఆ యువకుడు చనిపోయాడు. ఆ ముఖాన్ని గుట్‌మన్ జీవితాంతం మరచిపోలేదు.

ఇక్కడ నేను మీకొక సంగతి ఒప్పుకోవాలి. సుమారు 25 ఏళ్ల క్రితం నేను కొత్తగా గురుపట్టం పొంది, ఈ బొగ్గు ప్రాంతంలోనే వేరొక విచారణలో సహాయ గురువుగా పనిచేస్తున్నాను. గనిలో నడుము విరిగిన ఒక విశ్వాసిని ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చారని తెలిసి వెళ్లాను. అవస్థాభ్యంగనం, దివ్యసత్ప్రసాదం ఇచ్చాను. ఆయన భార్య, ఆయనను పక్కకు తిప్పవచ్చునో లేదోనని నన్ను అడిగింది. కదిపితే బాధపడతారేమో, ప్రశాంతంగా ఉండనివ్వమని చెప్పి వచ్చేశాను. సెమినరీలో తత్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. మనిషి వీపు ఎంతసేపు బరువు ఓర్చుకోగలదో మాత్రం నాకు తెలియదు. తెలియదని చెప్పే వినయం కూడా ఆనాడు నాకు లేకపోయింది. మూడు నెలలకు ఆయన అంత్యక్రియలు నేనే జరిపించాను. చివరి రోజులలో ఆ ఇంటి గడప దగ్గరకే వచ్చిన పుండు వాసన ఇప్పటికీ నాకు జ్ఞాపకం. చాలా ఏళ్ల తరువాత గుట్‌మన్ జీవితం చదివినప్పుడు గాని, ఆ మరణం తప్పించదగినదేమోనన్న ఆలోచన నాకు రాలేదు. ఆ బాకీ కొంతైనా తీర్చుకుందామనే ఈ వ్యాసం రాస్తున్నాను.

వారు ఎందుకు చనిపోయేవారు?

వెన్నుపాము మన మెదడుకూ శరీరానికీ నడుమ ఉన్న తీగల కట్ట వంటిది. అది తెగినా, నలిగినా దాని కింది భాగానికి మెదడు ఆజ్ఞలు వెళ్లవు, అక్కడి కబుర్లు పైకి రావు. మనం నిద్రలో కూడా మనకు తెలియకుండానే అటూ ఇటూ పొర్లుతుంటాం గదా. ఒకేచోట బరువు పడితే అక్కడ రక్తం ఆడక తిమ్మిరో నొప్పో పుడుతుంది. వెంటనే ఒళ్లు తనంతట తానే తిరుగుతుంది. స్పర్శ పోయిన మనిషికి ఆ కబురు అందదు. నడుము దిగువన, తుంటి ఎముకల మీద, మడమల మీద, ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగిపోతుంది. కొద్ది గంటలలోనే అది చచ్చిపోవడం మొదలవుతుంది. పైకి ఎర్రటి మచ్చగా కనిపించినదే కొన్నాళ్లకు ఎముక దాకా పోయే పుండు అవుతుంది.

మూత్రాశయం సంగతీ అంతే. నిండిందన్న కబురు పైకి వెళ్లదు, ఖాళీ చేయమన్న ఆజ్ఞ కిందికి రాదు. మూత్రం నిలిచిపోయి, అందులో క్రిములు పెరిగి, ఆ విషం మూత్రపిండాలకు ఎక్కుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికులలో అత్యధికులు ఎక్కువ కాలం బ్రతకలేదు. వారిని బలిగొన్నవి ముఖ్యంగా ఈ రెండే. వెన్ను విరిగితే ఇలా జరగడం సహజమని వైద్యులు కూడా అనుకునేవారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో డొనాల్డ్ మన్రో అనే శస్త్రవైద్యుడు 1930లలోనే ఈ తలంపును ఎదిరించి, ఇటువంటి రోగులను బ్రతికించి చూపారు. అయినా ఆ మాట ప్రపంచమంతటికీ చేరడానికి మరికొంత కాలం పట్టింది.

ఆ నవంబరు రాత్రి

గుట్‌మన్ 1918లో బ్రెస్లౌ నగరంలో వైద్యవిద్య ప్రారంభించి, 1924లో ఫ్రైబుర్గ్‌లో పట్టా పొందారు. తిరిగి బ్రెస్లౌకు వచ్చి, ఆనాడు యూరప్‌లో పేరుమోసిన నరాల వైద్యుడు ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ వద్ద పనిచేశారు. 1933లో హిట్లరు అధికారంలోకి రాగానే యూదు వైద్యులను ప్రభుత్వ ఆసుపత్రుల నుండి తొలగించారు. గుట్‌మన్ బ్రెస్లౌలోని యూదుల ఆసుపత్రిలో చేరి, 1937 నాటికి దానికి అధిపతి అయ్యారు.

1938 నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగులబెట్టారు, దుకాణాలు పగులగొట్టారు, పురుషులను పట్టుకుని నిర్బంధ శిబిరాలకు తరలించసాగారు. ప్రాణభయంతో గుమ్మం దగ్గరకు వచ్చిన వారినెవరినైనా, జబ్బు ఉన్నా లేకున్నా, ఆసుపత్రిలో చేర్చుకోవలసిందని గుట్‌మన్ తన సిబ్బందిని ఆదేశించారు. ఆ రాత్రి 64 మంది అలా చేరారు. మరునాడు నాజీ పోలీసులు వచ్చి, ఒక్క రాత్రిలో ఇంతమంది రోగులు ఎలా వచ్చారని నిలదీశారు. గుట్‌మన్ వారిని వెంటబెట్టుకుని మంచం మంచానికీ తిరిగి, ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు పేరు చెప్పుకుంటూ పోయారు. 60 మంది శిబిరాల పాలు కాకుండా తప్పించుకున్నారు.

ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిని ఎవరికీ వదులుకోకూడదన్న పట్టుదల ఆయనలో ఆనాటికే ఎంత బలంగా ఉన్నదో చూడండి. పాఠకులారా, మన ప్రభువును కన్న జాతి అది. వారిని వేధించిన వారిలో జ్ఞానస్నానం పొందిన క్రైస్తవులు అనేకులు ఉన్నారన్న విషయం మనం తలవంచుకుని జ్ఞాపకం చేసుకోవాలి.

ఆ తరువాత పోర్చుగల్ నియంత సలజార్ మిత్రుడొకరికి వైద్యం చేయడానికి నాజీ ప్రభుత్వమే గుట్‌మన్‌ను ఆ దేశానికి పంపింది. తిరుగు ప్రయాణంలో ఆయన లండన్‌లో ఆగారు. శరణార్థులైన పండితులను ఆదుకునే ఒక ఆంగ్ల సంఘం ఆయన కుటుంబం ఇంగ్లండు చేరడానికి ఏర్పాటు చేసింది. 1939 మార్చి 14న ఆయన భార్య ఎల్స్‌తో, ఇద్దరు పిల్లలతో ఆక్స్‌ఫర్డ్ నగరంలో అడుగుపెట్టారు. అక్కడ కొన్నేళ్లపాటు పరిశోధన చేసుకోవడానికి అవకాశం దొరికింది గాని, రోగుల బాధ్యత మాత్రం ఆయన చేతికి రాలేదు.

రెండు గంటలకొకసారి

రెండవ ప్రపంచ యుద్ధంలో యూరప్ మీద పెద్ద దాడికి సిద్ధమవుతూ, వెన్ను విరిగిన సైనికులు ఎక్కువమంది వస్తారని బ్రిటిషు ప్రభుత్వం ముందుగానే గ్రహించింది. వారి కోసం ఒక కేంద్రం నెలకొల్పమని 1943లో గుట్‌మన్‌ను అడిగింది. బాగుపడని రోగుల మధ్య బ్రతుకు వృథా చేసుకుంటున్నాడని తోటి వైద్యులు కొందరు ఆశ్చర్యపడ్డారు. తన పద్ధతిలో తనను పనిచేయనివ్వాలన్న ఒక్క షరతు మీద ఆయన ఒప్పుకున్నారు. 1944 ఫిబ్రవరి 1న ఐల్స్‌బరీ పట్టణం దగ్గర స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఆ కేంద్రం మొదలైంది. రెండు డజన్ల పైచిలుకు మంచాలు. మొదట ఉన్న రోగి ఒక్కరే.

అక్కడ ఆయన కొత్త మందేమీ కనిపెట్టలేదు. అప్పుడే అందుబాటులోకి వచ్చిన పెనిసిలిన్ తోడ్పడిన మాట నిజమే. కాని ఆయన చేసిన ముఖ్యమైన పని నర్సింగు పనే. మొదట పిండికట్లు తీసివేయించారు. వాటి లోపలనే పుండ్లు పుడుతున్నాయి గనుక. రోగిని దిండ్ల ఆధారంతో పడుకోబెట్టి, రెండు గంటలకొకసారి, పగలూ రాత్రీ, ఒక పక్క నుండి మరొక పక్కకు తిప్పాలన్నారు. తిప్పినప్పుడల్లా చర్మం చూడాలి, తడి ఉంటే తుడవాలి, పక్కబట్టలో మడత ఉంటే సరిచేయాలి. మూత్రాశయంలో రబ్బరు గొట్టం ఎల్లకాలం వదిలివేయకుండా, చేతులు అత్యంత శుభ్రంగా ఉంచుకుని, వేళకు గొట్టం పెట్టి ఖాళీ చేసి తీసివేయాలి. అది ఎంత ముఖ్యమని ఆయన తలచారంటే, మొదట్లో ఆ పని వైద్యులే చేయాలని నియమం పెట్టారు.

ఈ పనులలో ఒక్కటీ పెద్ద చదువు అడిగేది కాదు. అడిగేది ఒక్కటే, మానకుండా చేయడం. అక్కడే మనుష్యులు తప్పిపోతారని గుట్‌మన్‌కు తెలుసు. అందుకని ఆయన అర్ధరాత్రి వేళ స్వయంగా వార్డుకు వచ్చి, రోగిని వేళకు తిప్పారో లేదో చూసేవారు. ఆయనది కోపిష్టి స్వభావం. తన మాటే నెగ్గాలనే మనిషి. సిబ్బంది భయపడేవారు. రోగులు మాత్రం ఆయనను పాపా అని పిలుచుకున్నారు. వారి భాషలో ఆ మాటకు నాన్న అని అర్థం.

1947లో ఆయన, విటరిడ్జ్ అనే శాస్త్రవేత్త కలిసి మరొక సంగతి లోకానికి వివరించారు. వెన్నుపాము ఛాతీ భాగంలో గాని మెడలో గాని దెబ్బతిన్న వారికి మూత్రాశయం నిండిపోతే రక్తపోటు హఠాత్తుగా పెరిగిపోతుంది. భరించలేని తలనొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు వస్తాయి. గొట్టం మడతపడడం వంటి చిన్న కారణం కూడా ప్రాణం మీదకు తేగలదు. ఇంటిలో అటువంటి రోగి ఉన్నవారు ఈ లక్షణాలు తప్పక గుర్తుంచుకోవాలి. వెంటనే రోగిని లేపి కూర్చోబెట్టి, గొట్టం సరిచూసి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

సెమినరీలో మాకు పునీత తోమాస్ అక్వినాసు బోధ చెప్పేవారు. ఆత్మ దేహమనే గదిలో అద్దెకు ఉండే అతిథి వంటిది కాదు. దేహమంతటికీ ప్రాణమిచ్చే రూపమే ఆత్మ. దేహాత్మలు కలిసినదే మనిషి అని ఆ బోధ సారాంశం. పరీక్షలో నేను ఆ ప్రశ్నకు మంచి జవాబే రాశాను. కాని అది నిజమైతే, స్పర్శ లేని ఆ మడమ కూడా మనిషే. దాన్ని తుడిచి దిండు మీద పెట్టడం ఆ మనిషిని గౌరవించడమే. ఈ రెండవ సగం నాకు పుస్తకంలో దొరకలేదు, గుట్‌మన్ వార్డులో దొరికింది.

మంచం మీద నుండి మైదానానికి

బ్రతికించడంతో తన పని అయిపోయిందని గుట్‌మన్ అనుకోలేదు. ఇక నేను ఎందుకూ పనికిరాను అన్న దిగులు కూడా పుండు వంటిదే, అదీ మనిషిని తినేస్తుందని ఆయన గ్రహించారు. అందుకని కోలుకుంటున్న వారికి పని పెట్టారు. వడ్రంగం, గడియారాల మరమ్మతు వంటివి నేర్పించారు. చక్రాల కుర్చీలలో కూర్చోబెట్టి ఆటలు ఆడించారు. 1948 జులై 29న లండన్‌లో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన రోజునే, తన ఆసుపత్రి పచ్చికమీద విలువిద్య పోటీ పెట్టారు. 14 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు, మొత్తం 16 మంది పాల్గొన్నారు. అందరూ సైన్యంలో పనిచేసి గాయపడినవారే. 1952లో హాలండ్ నుండి కూడా జట్టు వచ్చింది. ఏటేటా పోటీలు పెరిగాయి.

1960లో ఒలింపిక్ క్రీడలు రోము నగరంలో జరిగాయి. ఆ వెంటనే అదే నగరంలో గుట్‌మన్ తన క్రీడలు జరిపించారు. 23 దేశాల నుండి 400 మంది చక్రాల కుర్చీలలో వచ్చారు. వారి బస మెట్లెక్కి వెళ్లవలసిన భవనాలలో ఏర్పాటైంది. ఇటలీ సైనికులు వారిని పైకీ కిందికీ మోసుకుని తిరిగారు. క్రీడల చివర జగద్గురువులు 23వ జాన్ పాపుగారు ఆ క్రీడాకారులను దర్శనానికి పిలిపించుకుని దీవించారు. ఆధునిక ఒలింపిక్ క్రీడలకు ప్రాణం పోసిన కూబర్టెన్‌తో గుట్‌మన్‌ను పోల్చి మెచ్చుకున్నారు. ఆ 1960 క్రీడలనే నేడు లోకం మొదటి పారాలింపిక్స్‌గా లెక్కిస్తున్నది.

1966లో బ్రిటిషు రాణి ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. ఆయన శిక్షణలో ఎదిగిన వైద్యులు, నర్సులు అనేక దేశాలలో అటువంటి కేంద్రాలు స్థాపించారు. 1980 మార్చి 18న, 80 ఏళ్ల వయసులో, గుండెజబ్బుతో ఆయన కన్నుమూశారు. ఆయన కేంద్రం స్టోక్ మాండెవిల్‌లో ఇప్పటికీ నడుస్తున్నది.

మన నేల మీద

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అని మీరు అనుకోవద్దు. మన తెలుగు కుటుంబాలు వైద్యం కోసం రైలెక్కి వెళ్లే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే కేరళ యువతి పనిచేసేది. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్ను దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. అయినా చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. తరువాత అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, 1960లలో వెల్లూరులోనే ఆ విభాగానికి నాయకత్వం వహించింది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. 1986లో పరమపదించింది.

అదే 1972లో మన దేశానికి మొదటి పారాలింపిక్ బంగారు పతకం వచ్చింది. తెచ్చిన మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో తుపాకీ గుండ్లు తగిలిన జవాను. ఇక 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో మన పొరుగున ఉన్న వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచినప్పుడు మీరు టీవీలో చూసి చప్పట్లు కొట్టారు గదా. ఆమెది వెన్ను గాయం కాదు, పుట్టుకతో వచ్చిన మానసిక ఎదుగుదల లోపం. అయినా ఆమె పరుగెత్తిన ఆ క్రీడలు స్టోక్ మాండెవిల్ పచ్చికమీద 16 మందితో మొదలైనవే.

మన ఇండ్లలో ఏం చేద్దాం?

ఇప్పుడు మన మాట. మీ ఇంటిలోగాని, మీ వాడలోగాని అటువంటి రోగి ఉంటే ఈ కొద్ది సంగతులు మనసులో పెట్టుకోండి. ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మను అడిగి, మీ చేతులతో చేసి చూపి, ఒప్పించుకుని రండి. రోగిని ఎలా తిప్పాలి, మూత్రపు గొట్టం ఎలా చూసుకోవాలి, విరేచనం ఎలా చేయించాలి, కాళ్ల కీళ్లు బిగుసుకుపోకుండా ఎలా వంచి చాపాలి అన్నవి తప్పక నేర్చుకోండి. అడగడానికి సిగ్గుపడవద్దు.

ఇంట్లో గోడ మీద ఒక కాగితం అతికించండి. రెండు గంటలకొకసారి ఏ పక్కకు తిప్పారో, ఎవరు తిప్పారో రాయండి. రోజుకు రెండుసార్లు వెలుతురులో నడుము కింది భాగం, తుంటి, మడమలు చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఎరుపు పోకుండా నిలిచి ఉంటే, అది పుండుకు మొదలు. ఆ చోట మళ్లీ బరువు పడనీయవద్దు, మర్దన చేయవద్దు, నూనెలు, పసర్లు పూయవద్దు. చర్మం చిట్లితే ఆలస్యం చేయకుండా చూపించండి. స్పర్శ లేని కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టవద్దు, కాలినా వారికి తెలియదు. పక్షవాతం వచ్చి మంచాన పడిన పెద్దలకు కూడా తిప్పే నియమం వర్తిస్తుంది. అదనంగా వారిని లేపి కూర్చోబెట్టిన తరువాతనే అన్నం పెట్టండి, మింగలేక పొలమారుతుంటే వైద్యునికి చెప్పండి.

ప్రమాదం జరిగిన చోట కూడా ఒక జాగ్రత్త అవసరం. పడిపోయిన మనిషిని చేతులు ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకుని ఎత్తి ఆటోలో కుదించి కూర్చోబెట్టడం వలన సగం నలిగిన వెన్నుపాము పూర్తిగా తెగిపోవచ్చు. 108కు ఫోను చేయండి. కదపక తప్పకపోతే మెడ, నడుము వంగకుండా, నలుగురు కలిసి ఒక దుంగను దొర్లించినట్లు ఒక్కసారిగా తిప్పి, బల్ల మీద పడుకోబెట్టి తీసుకువెళ్లండి.

నలుగురు అన్న మాట దగ్గర మీకు సువిశేషం గుర్తుకు రావాలి. కఫర్నాములో పక్షవాత రోగిని నలుగురు మోసుకువచ్చి, జనసమ్మర్దం వలన గుమ్మం దొరకక, ఇంటి పైకప్పు విప్పి ప్రభువు ముందు దింపారు. ప్రభువు ఆ రోగి విశ్వాసం మాట ఎత్తలేదు. మోసుకువచ్చిన వారి విశ్వాసాన్ని చూశారని మార్కు సువిశేషకుడు రాశారు. మన ఇండ్లలో ఆ నలుగురు ఎక్కడ? ఎక్కువసార్లు ఒక్క భార్యే నలుగురి పని చేస్తున్నది. పగలు కూలికో, వంటకో పోయి, రాత్రి రెండు గంటలకొకసారి లేచి, భర్తను ఒంటరిగా తిప్పుతున్నది. ఆరు నెలలకు ఆమె నడుమూ పోతుంది. అలసిపోయి ఒక రాత్రి నిద్రపోతే, తెల్లవారి పుండు కనిపిస్తే, తప్పు తనదేనని ఏడుస్తుంది. ఆ తప్పులో మన అందరికీ భాగం ఉంది.

కాబట్టి నేను మీకు ఒక విన్నపం చేస్తున్నాను. మన చిన్న క్రైస్తవ సంఘాలలో, మరియ సేనలో, విన్సెంట్ డి పాల్ సభలో, యువతలో ఉన్నవారు ఇద్దరిద్దరుగా కలిసి, అటువంటి ఇంటికి వారానికి ఒక్క రాత్రి వెళ్లండి. ప్రార్థన చెప్పండి, మంచిదే. ప్రార్థన అయిన తరువాత ఆ అమ్మను పడుకోమనండి. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి మీరు లేచి తిప్పండి. హిందువైనా ముస్లిమైనా పొరుగింటి రోగికి కూడా అదే చేయండి. ఏటా ఫిబ్రవరి 11న ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం నాడు గుడిలో రోగులకు తైలం పూసి పంపిస్తాం. గుడికి రాలేనివారి మంచం దగ్గరకు మిగతా రోజులలో మనమే వెళ్లాలి.

నేను కూడా ఇప్పుడు అవస్థాభ్యంగనం ఇవ్వడానికి వెళ్లినప్పుడు, తైలం పూసిన తరువాత, ఇంటివారిని అడిగి, వారితో కలిసి ఒకసారి రోగిని పక్కకు తిప్పి వస్తున్నాను. పాతికేళ్ల క్రితం ఆ సోదరి అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఈ పత్రిక ఆమె ఇంటికి కూడా వెళ్తుంటే, నన్ను క్షమించమని అడుగుతున్నాను.

ప్రభువు మిమ్మును, మీ ఇండ్లలోని రోగులను, వారిని తిప్పే చేతులను దీవించును గాక.